గ్వాంగ్‌జౌ: ఒక టవర్, ఒక మినార్, ఒక మొహల్లా



చైనా అనగానే మన ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది సామాన్. పిల్లల బొమ్మలు, షాదీ లైట్లు, మొబైల్ కవర్లు. ఆ సామాన్ కోసం మన తాజిర్లు వెళ్లే షహర్లలో గ్వాంగ్‌జౌ ఒకటి. ఇంగ్లిషువాళ్లు దాన్ని కాంటన్ అన్నారు. వాళ్లకంటే ఎన్నో వందల ఏళ్ల ముందు అరబ్ తాజిర్లు ఖాన్‌ఫూ అన్నారు. ఈ షహర్ తారీఖ్ చదివినప్పుడల్లా నాకు ఒకటే సవాల్ ఎదురవుతుంది: పరదేశం నుంచి వచ్చినవాడికి ఒక షహర్ ఏమిస్తే అది అతడికి బస్తీ అవుతుంది?

ముందు ఇవాళ్టి ఇమారత్ చూద్దాం. గ్వాంగ్‌జౌలోని తియన్‌హె ఇలాఖాలో సిటిక్ ప్లాజా ఉంది. 1997లో పూర్తయింది. 80 అంతస్తులు, సుమారు 390 మీటర్ల ఎత్తు. అప్పట్లో కాంక్రీటుతో కట్టిన బిల్డింగుల్లో దునియాలో అన్నిటికంటే ఎత్తయినది ఇదే. నడుమ ఆఫీసుల టవర్, రెండు పక్కలా 38 అంతస్తుల చొప్పున నివాస భవనాలు, కింద షాపింగ్ మాల్. దగ్గర్లోనే రైల్వే స్టేషన్. దఫ్తర్, దుకాణ్, మకాన్, అన్నీ ఒకే చోట. తర్వాత ఇదే షహర్లో 2016 నాటికి 530 మీటర్ల సి.టి.ఎఫ్. టవర్ కూడా లేచింది. దాంట్లోనూ ఇదే తరీఖా: ఆఫీసులు, ఇళ్లు, హోటల్, కింద మాల్.

దీన్ని చాలామంది కొత్త జమానా ఆలోచన అంటారు. నేను అలా అనుకోను. బతుకు, బేరం ఒకే చోట పెట్టడం ఈ షహర్‌కు పాత అలవాటే. అప్పుడు నిలువుగా కాదు, అడ్డంగా కట్టారు, అంతే.

తాంగ్ రాజుల కాలంలో అరబ్బు, ఈరానీ జహాజులు ఇక్కడికి వచ్చేవి. ఆ తాజిర్లు ఉండే మొహల్లాను చైనావాళ్లు ఫాన్‌ఫాంగ్ అన్నారు, అంటే పరదేశీల పేట. 851 నాటి ఒక అరబీ కితాబ్ సులైమాన్ తాజిర్ పేరుతో మశ్‌హూర్. ఖాన్‌ఫూలో ముస్లింల జగడాలు తీర్చడానికి చైనా బాద్‌షా ఒక ముస్లింనే నియమించాడని అందులో ఉంది. ఈద్ నమాజు చదివించేది, ఖుత్బా ఇచ్చేది ఆయనే. ఆయన ఫైసలాల మీద ఇరాక్ తాజిర్లకు షికాయత్ ఉండేది కాదట. అలాగని హుకూమత్ సుంకం వదిలిపెట్టలేదు. సరుకును గోదాముల్లో పెట్టించి, ఆ సీజన్లో చివరి జహాజు వచ్చాక పదింట మూడు వంతులు తీసుకునేది. సుంకం గట్టిగా తీసుకుంది, ఇన్సాఫ్ కూడా ఇచ్చింది.

ఇంకో విషయం నా దిల్‌కు బాగా తాకింది. పరదేశీ తాజిర్ అక్కడ చనిపోతే, మూడు నెలల్లో భార్యో కొడుకో రాకపోతే అతడి సరుకంతా సర్కారుది అయ్యేది. 817లో అక్కడికి గవర్నరుగా వచ్చిన కొంగ్ కుయి ఈ కానూన్ తీసేశాడు. సముందర్ సఫర్‌లో రాకపోకలకే ఏడాది పడుతుంటే మూడు నెలల గడువు ఏం న్యాయం అన్నది ఆయన వాదన. వారసుడు ఎప్పుడొచ్చినా సరే, వారసుడని తేలితే చాలన్నాడు.

ఇది చదివితే మన మోటుపల్లి గుర్తుకు రాకుండా ఉండదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనంలో, తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజుల్లా లాక్కోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని మాటిచ్చాడు. ముసాఫిర్ ముసీబత్‌లో ఉన్నప్పుడు వాడి మాల్ మీద చెయ్యి వెయ్యకపోవడం, రేవుకు రౌనఖ్ తెచ్చేది అదే.

ఫాన్‌ఫాంగ్ నిషానీ ఇవాళ్టికీ ఉంది. హువైషెంగ్ మస్జిద్, దాని మినార్. ఎత్తు దాదాపు 36 మీటర్లు, లోపల రెండు మెలికల మెట్లదారులు. దాన్ని గ్వాంగ్‌తా అంటారు, వెలుగు మినార్ అని అర్థం. రాత్రి పైన దీపం పెట్టి జహాజులకు దారి చూపేవారని చెప్తారు. అప్పట్లో నది దగ్గర్లోనే పారేది. తర్వాత ఒడ్డు మేట వేసి దక్షిణానికి జరిగిపోయింది, మినార్ మాత్రం నడి షహర్లో మిగిలింది. సోంగ్ కాలపు రచయిత ఫాంగ్ షిన్‌రు ఒక ముచ్చట రాశాడు: ఏటా అయిదు, ఆరు నెలల్లో పరదేశీలు తెల్లారకముందే మినార్ ఎక్కి గట్టిగా పిలుస్తారు, జహాజులకు మంచి గాలి ఇమ్మని ప్రార్థిస్తారు అని. ఆ వేళకు ఆ పిలుపేమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫజర్ అజాన్ ఆయన చెవికి గాలి కోసం దుఆలా వినిపించినట్టుంది.

ఈ మస్జిద్‌ను హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ రజియల్లాహు అన్హు కట్టించారని, ఆయన మజార్ కూడా గ్వాంగ్‌జౌలోనే ఉందని అక్కడి ముస్లింల రివాయత్. మన తారీఖ్ కితాబులు మాత్రం ఆయన మదీనా దగ్గర వఫాత్ అయ్యారని, జన్నతుల్ బఖీలో దఫన్ అయ్యారని చెప్తాయి. రివాయత్‌కు అదబ్ ఇద్దాం, తారీఖ్‌ను తారీఖ్‌లా చదువుదాం.

ఈ కహానీ అంతా తీపి కాదు. 879లో హువాంగ్ చావ్ అనే తిరుగుబాటుదారు ఖాన్‌ఫూను పట్టుకుని ఖతలే ఆమ్ చేయించాడు. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు, అగ్నిపూజకులు కలిసి 1,20,000 మంది చనిపోయారని అబూ జైద్ సీరాఫీ రాశాడు. ఆ లెక్క అక్షరాలా నిజం కాకపోవచ్చు. పట్టుపురుగుల మేతకు ఆధారమైన మల్బరీ చెట్లు కూడా నరికించాడని ఆయనే రాశాడు. ఆ తర్వాత చాలాకాలం అరబ్ జహాజులు చైనా దాకా పోవడం మానేసి, దారిలో మలయా తీరాన కలహ్ రేవులోనే చైనావాళ్లను కలిసి బేరాలు చేసుకున్నాయి. హుకూమత్ కూలితే కాగితం మీది అభయం నిలవదు. ఇది ఇబ్రత్.

అయినా ముస్లింలు మళ్లీ వచ్చారు. మస్జిద్ కాలిపోతే 1350లో మళ్లీ కట్టుకున్నారు, శిలాఫలకం మీద చైనా భాషతోపాటు అరబీలో కూడా రాయించుకున్నారు. ఇవాళ జుమా రోజు సియన్‌సియన్ మస్జిద్‌లో ఆఫ్రికావాళ్లు, అరబ్బులు, మన ఉపఖండంవాళ్లు ఒకే సఫ్‌లో నిలబడతారు. వాళ్లు కొన్నాళ్ల మెహమాన్‌లే. హోటల్లో కాక ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లో పోలీసు దగ్గర పేరు రాయించుకోవాలి. వీసా గడువు ముగిస్తే కదలాల్సిందే.

80 అంతస్తుల టవర్‌లో దుకాణ్ ఉంది, మకాన్ ఉంది. పాత మొహల్లాలో వాటితోపాటు ఇబాదత్‌కు చోటు, ఫైసలాకు మనిషి, చనిపోయినవాడి వారసుడి కోసం ఎదురుచూసే కానూన్ ఉన్నాయి. సవాల్‌కు నా జవాబు అదే. మన పిల్లలు ఖలీజ్‌కో చైనాకో కమాయీ కోసం వెళ్తున్నప్పుడు జీతమెంత, గది ఎంత అని అడుగుతాం. ఆపద వస్తే అక్కడ వాడి మాట ఎవరు వింటారు, వాడి హక్ ఇంటికి ఎవరు చేరుస్తారు అని కూడా అడగండి.