కరెంటు పోయి వచ్చాక సర్వర్‌ని లేపేదెవరు? ఒకటో నంబర్ ప్రాసెస్ కథ

అర్ధరాత్రి 2 గంటలకు సర్వర్ రూమ్‌లో కరెంటు పోయింది అనుకోండి. పది నిమిషాల్లో తిరిగొచ్చింది, మిషన్ ఆన్ అయింది. మరి దానిమీద నడిచే వెబ్‌సైట్ సంగతేంటి? దానంతటదే లేస్తుందా, లేక ఎవరో ఒకరు నిద్రలేచి, లాగిన్ అయ్యి, కమాండ్ కొట్టేదాకా అలాగే పడుంటుందా? ఈ ఒక్క ప్రశ్న వెనకాల యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

1970ల మొదట్లో చాలా కంప్యూటర్లకు పవర్ ఇస్తే చాలదు. పీడీపీ-11 లాంటి మిషన్ ముందు ప్యానెల్ మీద వరుసగా స్విచ్‌లు ఉండేవి. అవసరమైతే మొదటి చిన్న ప్రోగ్రామ్‌ని ఆపరేటరే ఆ స్విచ్‌లతో ఎక్కించాలి. అది డిస్క్ నుంచి పెద్ద ప్రోగ్రామ్‌ని లాక్కొచ్చేది.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ రాసినప్పుడు, ఆ తర్వాతి పనంతా ఒక ప్రోగ్రామ్‌కి అప్పగించారు. దాని పేరు ఇనిట్. 1971 నవంబరు 3 నాటి యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే అది ఉంది. సిస్టమ్‌లో దాని ప్రాసెస్ నంబర్ 1. మిగతా ప్రోగ్రామ్‌లన్నీ దాని పిల్లలో, మనవలో. ఏదైనా ప్రాసెస్‌కి తల్లి ముందే చనిపోతే, ఆ అనాథని దత్తత తీసుకునేది కూడా ఈ ఒకటో నంబరే!

బూట్‌లో నడవాల్సిన కమాండ్లన్నీ ఆర్‌సీ అనే ఒక ఫైల్‌లో రాసేవారు. ఎంఐటీ వాళ్ళ పాత సీటీఎస్ఎస్ సిస్టమ్‌లో ఉన్న 'రన్‌కామ్' నుంచి ఆ పేరు వచ్చింది. కొత్త సర్వర్ పెట్టావా, ఆ ఫైల్‌లో ఒక లైన్ చేర్చు. అంతే.

1983లో ఏటీ అండ్ టీ సిస్టమ్ ఫైవ్ విడుదల చేసింది. ఆ వంశం నుంచే రన్‌లెవల్స్ పద్ధతి బాగా వ్యాపించింది. ఒక్క ఫైల్ బదులు, ఒక్కో సర్వీస్‌కి ఒక్కో స్క్రిప్ట్. పేరు ముందు 'ఎస్' ఉంటే స్టార్ట్, 'కె' ఉంటే కిల్. పక్కన నంబర్. డేటాబేస్‌కి 64, అప్లికేషన్ సర్వర్‌కి 80 పెడితే, ముందు డేటాబేస్, తర్వాత అప్లికేషన్.

ఇక్కడే అసలు చిక్కు. టామ్‌క్యాట్‌నే తీసుకోండి. 1999లో సన్ కంపెనీ అపాచీకి ఇచ్చిన జావా సర్వర్ ఇది. దాని స్టార్టప్ స్క్రిప్ట్ నడిపితే, సర్వర్ బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్ళిపోతుంది, స్క్రిప్ట్ 'నా పని అయింది' అని ముగిసిపోతుంది. గంట తర్వాత సర్వర్ క్రాష్ అయితే? ఎవరికీ తెలీదు. లాగిన్ స్క్రీన్ చూపించే గెట్టీ పోతే ఇనిట్ మళ్ళీ లేపేది, కానీ ఈ స్క్రిప్టులతో మొదలైన సర్వర్లకు ఆ భాగ్యం లేదు. ప్రాసెస్ నంబర్‌ని ఒక ఫైల్‌లో రాసుకునేవారు. సర్వర్ పోయినా ఆ నంబర్ ఫైల్‌లో అలాగే మిగిలేది. ఈలోగా అదే నంబర్ ఇంకో ప్రోగ్రామ్‌కి వచ్చిందా, ఇక గందరగోళమే.

అంటే మొదలుపెట్టడం ఒక పని, బతికి ఉందో లేదో చూసుకోవడం ఇంకో పని. ఈ రెండో పనికి కొత్త దారులు వెతికారు. 2005లో సోలారిస్ 10లో ఎస్ఎమ్ఎఫ్, అదే ఏడాది యాపిల్ మ్యాక్‌లో లాంచ్‌డి, 2006లో ఉబుంటులో అప్‌స్టార్ట్. 2010 ఏప్రిల్‌లో లెనార్ట్ పొయెట్టరింగ్ సిస్టమ్‌డిని ప్రకటించారు. మరుసటి ఏడాది ఫెడోరా 15 దాన్ని తీసుకుంది.

సిస్టమ్‌డిలో పెద్ద స్క్రిప్ట్ అక్కర్లేదు, ఒక చిన్న ఫైల్ చాలు. నెట్‌వర్క్ తర్వాత మొదలవ్వాలి, రూట్‌గా కాకుండా ఫలానా యూజర్‌గా నడవాలి, పడిపోతే మళ్ళీ లేపాలి అని రాస్తే సరి. లైనక్స్ కెర్నల్‌లోని సీగ్రూప్స్ సాయంతో సర్వీస్ పిల్లల్ని, మనవల్ని కూడా లెక్క తప్పకుండా చూసుకుంటుంది. అలాగని మొండిగా లేపుతూ కూర్చోదు. మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు స్టార్ట్ చేసినా నిలబడకపోతే వదిలేస్తుంది.

అందరికీ నచ్చిందా? లేదు. 'ఒకటో నంబర్ చిన్నగా ఉండాలి, ఇది అన్నీ మింగేస్తోంది' అన్నారు చాలామంది. 2014 ఫిబ్రవరిలో డెబియన్ టెక్నికల్ కమిటీలో ఓట్లు సమానంగా చీలాయి. ఛైర్మన్ బ్డేల్ గార్బీ కాస్టింగ్ ఓటుతో సిస్టమ్‌డి గెలిచింది. ఒప్పుకోనివాళ్ళు విడిపోయి దేవువన్ అనే సొంత సిస్టమ్ తయారుచేసుకున్నారు. మిషన్ లేవగానే మొదటి మాట ఎవరిది అన్నదే ఆ గొడవంతా.

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, అందులోనూ ఇనిట్ ఉంది. సిస్టమ్‌డి కాదు, ఆండ్రాయిడ్ సొంతది. అది జైగోట్ అనే ప్రాసెస్‌ని లేపుతుంది, మీ యాప్స్ దాన్నుంచే పుడతాయి. ఫోన్ ఆఫ్ అయితే యాప్స్ పెట్టిన అలారాలు సిస్టమ్‌లోంచి చెరిగిపోతాయి. బూట్ అయిందన్న కబురు అందగానే క్లాక్ యాప్ వాటిని మళ్ళీ పెట్టుకుంటుంది. పొద్దున పరీక్షకి మీరు టైమ్‌కి లేస్తున్నారంటే, ఆ కబురు పుణ్యమే.

చివరిగా ఒక మాట. మీ కాలేజీ ప్రాజెక్ట్ సర్వర్‌కి 'స్టార్ట్' కొట్టి వదిలేయకండి. స్టార్ట్ అంటే ఇప్పుడు మాత్రమే, 'ఎనేబుల్' అంటే బూట్ అయిన ప్రతిసారీ. రెండూ చేశాక మిషన్‌ని ఒకసారి రీబూట్ చేసి, చేతులు కట్టుకుని చూడండి. మీరు ముట్టుకోకుండా పేజీ ఓపెన్ అయితే, ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.