మూలబడ్డ గణకయంత్రం మళ్ళీ పలికిన వైనం

ఇంట్లో మీడియం వేవ్ మీద వార్తలు వింటూ ఉండగా పక్కగదిలో ఎవరైనా దీపం మీట నొక్కితే, రేడియోలో టక్కుమని ఒక చప్పుడు వినబడుతుంది. వంటింట్లో మిక్సీ తిప్పితే వార్తలు చదివేవారి గొంతు గరగరలో మునిగిపోతుంది. విద్యుత్ప్రవాహం హెచ్చుతగ్గులకు లోనైనప్పుడల్లా దాని చుట్టూ తరంగాలు పుట్టడమే ఇందుకు కారణం. మనకు విసుగు పుట్టించే ఈ గరగరనే సంగీతంగా మలచిన ఒక ఇంజనీరు ఐస్‌లాండ్ దేశంలో ఉండేవాడు. ఆయన వాద్యం ఒక గణకయంత్రం. దాని పేరు ఐ.బి.యం. 1401.

ఈ యంత్రం 1959 అక్టోబరు 5వ తేదీన లోకానికి ప్రకటింపబడింది. అంతకు ముందు కంప్యూటర్ అంటే విశ్వవిద్యాలయాలకు, సైనిక శాఖలకు, మహా సంపన్నమైన సంస్థలకు సంబంధించిన విషయం. 1401 అట్లా కాదు. జీతాల పట్టీలు, సరుకుల నిల్వలు, భీమా రుసుములు, ఖాతాదారుల బిల్లులు, అంటే మన గుమాస్తాలు చిట్టా ఆవర్జాలలో వ్రాసుకునే పద్దులే, దాని పని. ఒక మాదిరి వ్యాపార సంస్థ సైతం నెలకు 2,500 డాలర్ల అద్దెతో మొదలుపెట్టి దానిని తెచ్చుకొనగలిగేది. మొదటి ఐదు వారాలలోనే 5,200 యంత్రాలకు ఆర్డర్లు వచ్చాయి. మొత్తం మీద 12,000కు పైగా తయారయ్యాయి.

నేటి దృష్టితో చూస్తే దాని శక్తి అత్యల్పం. జ్ఞాపకశక్తి 1,400 అక్షరాలతో మొదలై 16,000 అక్షరాలతో ముగిసేది. ఒక్కొక్క అక్షరానికి ఎనిమిది చొప్పున సన్నని ఫెరైట్ ఉంగరాలను తీగెలకు పూసలవలె గుచ్చి ఆ జ్ఞాపకాన్ని నిర్మించేవారు. కూడికలు తీసివేతలు మనం కాగితం మీద చేసినట్లే దశాంశ పద్ధతిలో, ఒక్కొక్క అంకెగా చేసేది. గుణకారం కావాలంటే ఆ పరికరానికి వేరే అద్దె! అయితే దాని పరివారం మాత్రం ఘనమైనది. చిల్లుల కార్డులను నిమిషానికి 800 చొప్పున చదివే యంత్రం ఒకటి, నిమిషానికి 600 పంక్తులు అచ్చొత్తే ముద్రణయంత్రం మరొకటి. ఈ రెండవదానిలో అక్షరాల గొలుసు ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది. కావలసిన అక్షరం ఎదుటికి వచ్చిన క్షణాన వెనుకనుంచి చిన్న సుత్తి కాగితం మీద కొడుతుంది. వ్యాపారులను ఆకర్షించింది గణకం కన్న ఈ ముద్రణయంత్రమే అంటే అతిశయోక్తి కాదనుకుంటాను.

1971 ఫిబ్రవరిలో ఐ.బి.యం. ఈ యంత్రాన్ని తన విక్రయాల జాబితానుంచి తొలగించింది. వేలసంఖ్యలో పుట్టిన యంత్రం మరి కొన్ని దశాబ్దాలకు కంటికి కనబడకుండా ఎట్లా పోయింది? వాటిలో అధికభాగం అద్దెకిచ్చినవి. అద్దె ముగియగానే కంపెనీకి తిరిగి వెళ్ళాయి. అక్కడ విడిభాగాలుగానో, తుక్కుగానో అంతరించాయి. సొంతానికి కొనుక్కున్న వారి వద్ద మిగిలినవాటికి మరొక గండం. లోపలి పలకల అంచులకు బంగారు పూత ఉండేది. ఆ పూతకోసం పాత యంత్రాలను కరిగించేవారు బయలుదేరారు. మన దేశంలో పాత జరీ చీరెలను కాల్చి వెండి తీసుకునే వర్తకులు గుర్తుకు వస్తారు.

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణంలో కంప్యూటర్ చరిత్ర మ్యూజియం ఉన్నది. అక్కడివారు 1401ను వెదకగా ఒకటి జర్మనీలోని హామ్ పట్టణంలో దొరికింది. దానిని సముద్రాలు దాటించి తెచ్చారు. 2004 నుంచి దానిని పునరుద్ధరించే ప్రయత్నం ఆరంభమైంది. తెచ్చుకున్నంత మాత్రాన యంత్రం చేతికి చిక్కుతుందా? మొదటి చిక్కు విద్యుత్తుతోనే వచ్చింది. జర్మనీలో, మన దేశంలో వలెనే, విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు, అమెరికాలో 60. ఈ యంత్రంలోని ట్రాన్స్‌ఫార్మర్లు ఆవృత్తిని అనుసరించి పనిచేసేవి గనుక, అమెరికా విద్యుత్తును జర్మనీ విద్యుత్తుగా మార్చే సాధనాన్ని ముందు సమకూర్చుకోవలసి వచ్చింది.

అటు తరువాత అసలు కథ. యంత్రం లోపల అరచేతిలో పట్టేంత పలకలు వేలకొద్ది ఉంటాయి. ఒక్కొక్కదాని మీద కొద్దిపాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. ఏళ్ళ తరబడి తేమలో ఉన్నందువల్ల కొన్నిటి కాళ్ళు తుప్పుపట్టాయి. కొన్ని చూపులకు బాగానే ఉండి పనిచేయడం మానివేశాయి. ఏ పలక చెడిపోయిందో నిర్ణయించడానికి తీగెల పటాలు చదవగలిగినవారు, ఫలానా చప్పుడు వస్తే ఫలానా చోట చేయిపెట్టాలని తెలిసినవారు కావాలి. అట్టివారు పుస్తకాలలో దొరకరు. 1960లలో ఊరూరా తిరిగి ఈ యంత్రాలను బాగుచేసి, తరువాత పదవీ విరమణ చేసిన వృద్ధ ఇంజనీర్లను పిలిచారు. వారు జీతభత్యాలు ఆశించక వారం వారం వచ్చి, ఆసిలోస్కోపు ముందు కూర్చుని, యౌవనంలో నేర్చిన విద్యను మళ్ళీ చేతులకు తెచ్చుకున్నారు. కొన్ని సంవత్సరాలు పట్టింది. యంత్రం లెక్క చేసింది, ముద్రణయంత్రం మోగింది.

ఇక్కడ ఒక వివాదం ఉన్నది. ప్రాచీన వస్తువును ఉన్నది ఉన్నట్లు భద్రపరచాలి గాని, దానికి విద్యుత్తు ఎక్కించి, పాత ట్రాన్సిస్టర్ తీసి కొత్తది అతికించి అరగదీయరాదని కొందరు పురావస్తు నిపుణుల వాదం. అందులో న్యాయం లేకపోలేదు. కాని వీణను అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తే అది కొయ్య అని తెలుస్తుంది గాని వీణ అని తెలియదు. స్పూలు టేపులతో పనిచేసిన మావంటి వారికి ఈ సంగతి అనుభవైకవేద్యం. టేపు భద్రంగా ఉండి, దానిని వినిపించే యంత్రం లేకపోతే ఆ టేపు ఉన్నట్టా, లేనట్టా? పైగా ఆ వృద్ధుల వయస్సు ఆగదు. యంత్రాన్ని మరొక ఇరవై ఏళ్ళు మూలన ఉంచవచ్చును, వారిని ఉంచలేము. అందుచేత నేను బాగుచేసినవారి పక్షమే వహిస్తాను.

ఆ జట్టుకు తరువాత రెండవ 1401 కూడ లభించింది. అది కనెక్టికట్ రాష్ట్రంలోని డేరియన్ అనే ఊళ్ళో, ఒక ఇంట నడచిన చిన్న వ్యాపారంలోనిది. చంద్రునిపై మనిషి కాలు మోపినా, బల్లమీద పట్టే కంప్యూటర్లు వచ్చినా, ఆ ఇంటివారు చిల్లుల కార్డులతో 1990ల వరకు దాని చేతనే బిల్లులు వ్రాయించుకున్నారు. వాడుకలో ఉన్నది గనుకనే అది బ్రతికింది.

మన దేశానికి కూడ 1401తో గట్టి బంధమే ఉన్నది. 1960లలో బొంబాయి మొదలైన నగరాల సంస్థలలో ఇది అడుగుపెట్టింది. విదేశాలలో వాడి వదలిన యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెకిస్తున్నారన్న విమర్శ పార్లమెంటులో సైతం వినబడింది. విదేశీ వాటాలను తగ్గించుకొనవలెనన్న 1973 నాటి విదేశ మారక ద్రవ్య నియంత్రణ చట్టానికి సమ్మతించక ఐ.బి.యం. 1978లో దేశం విడిచి వెళ్ళింది. యంత్రాలు మిగిలాయి, మరమ్మత్తు చేసేవారు పోయారు. ఆ భారాన్ని భారత ప్రభుత్వ సంస్థ అయిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ వహించింది. సి.యం.సి. అన్న పేరుతో ఆ సంస్థే తరువాత హైదరాబాదు గచ్చిబౌలిలో పెద్ద కేంద్రాన్ని నెలకొల్పింది. హామ్ నుంచి వచ్చిన యంత్రం ముందు వృద్ధులకు ఎదురైన సమస్య, అంటే తయారుచేసినవారు లేని యంత్రాన్ని నడిపించడం, మన యువ ఇంజనీర్లకు అంతకు పాతికేళ్ళ ముందే ఎదురైందన్నమాట.

ఇక ఐస్‌లాండ్ ఇంజనీరు మాట. 1964లో ఆ దేశానికి వచ్చిన 1401ను కనిపెట్టుకొని ఉండడం ఆయన ఉద్యోగం. యంత్రం మీద రేడియో సెట్టు పెడితే, జ్ఞాపక ఉంగరాలలో విద్యుత్తు మారినప్పుడల్లా సెట్టు పలుకుతుంది. ఒకే ఆజ్ఞల వరుసను సెకనుకు 440 మార్లు తిరిగేటట్లు వ్రాస్తే అది ఒక స్వరం. వరుస పొడవు మార్చితే మరొక స్వరం. ఈ కిటుకుతో ఆయన, ఆయన సహచరులు యంత్రం చేత పాటలు పాడించారు. 1971లో యంత్రాన్ని తీసివేసే సమయంలో దానికి వీడ్కోలు సభ జరిపి, ఆ పాటలను టేపు మీద పట్టి ఉంచారు.

టేపు ఇంటి అటక మీదికి చేరింది. సుమారు ముప్పది సంవత్సరాల తరువాత ఆయన కుమారుడు, సంగీతకర్త అయిన యోహాన్ యోహాన్సన్, దానిని కిందికి దించి విన్నాడు. ఆ సన్నని, వణికే స్వరాల చుట్టూ తంత్రీవాద్యబృందాన్ని కూర్చి, యంత్రం పేరుతోనే 2006లో ఒక సంగీతకృతిని వెలువరించాడు. ఆయన 2018లో మరణించాడు. తండ్రి పట్టి ఉంచిన ఆ యంత్రస్వరం మాత్రం, వెనుక వయొలిన్లు మోగుతుండగా, నేడు ఎవరైనా వినవచ్చును.