మరియాన్స్ పహార్స్: సౌతాంప్టన్‌ను గట్టెక్కించిన స్ట్రైకర్, గోల్స్ కోసం వెతికిన కోచ్

ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా. ఈ మూడింటినీ కలిపి బాల్టిక్ దేశాలు అంటారు. 1991లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడి మళ్లీ స్వతంత్ర దేశాలయ్యాయి. మూడూ చిన్నవే, మూడింటికీ సొంత ఫుట్‌బాల్ జట్లు ఉన్నాయి. ఈ ప్రాంతం నుంచి వచ్చిన స్ట్రైకర్లలో ఇంగ్లండ్ అభిమానులు ఇప్పటికీ గుర్తుపెట్టుకున్న పేరు లాత్వియాకు చెందిన మరియాన్స్ పహార్స్.

లెక్కల్లో చూస్తే పహార్స్ ముందు వరుసలో కనిపించడు. ఎస్టోనియా స్ట్రైకర్ ఆండ్రెస్ ఓపెర్ తన దేశానికి 134 మ్యాచ్‌లలో 38 గోల్స్ కొట్టాడు. లాత్వియాలోనే మారిస్ వెర్పకోవ్‌స్కిస్ 29 గోల్స్ చేశాడు. పహార్స్‌వి 75 మ్యాచ్‌లలో 15 గోల్స్ మాత్రమే. అయినా ప్రీమియర్ లీగ్‌లో ఆడిన మొదటి లాత్వియన్ అతనే. తర్వాత కోచ్‌గా మారి దాదాపు నాలుగేళ్లు జాతీయ జట్టును నడిపింది కూడా అతనే. ఆటగాడిగా అతనికి సులువుగా వచ్చిన పని, అంటే గోల్ కొట్టడం, కోచ్‌గా మాత్రం అతనికి పెద్ద సమస్య అయింది. అతని కెరీర్‌ను తెలుసుకోవాల్సింది అందుకే.

మొదటి అడుగులు

పహార్స్ 1976 ఆగస్టు 5న ఉక్రెయిన్‌లోని చోర్నోబాయ్‌లో పుట్టాడు. అప్పుడది సోవియట్ యూనియన్‌లో భాగం. ఆటగాడిగా ఎదిగింది మాత్రం లాత్వియాలో. రీగా నగరంలోని పార్దౌగవ క్లబ్‌లో ఆడి, 1995లో స్కోంటో రీగాకు వచ్చాడు.

ఆ రోజుల్లో లాత్వియా ఫుట్‌బాల్ అంటే స్కోంటోనే. 1991 నుంచి 2004 వరకు వరుసగా 14 సార్లు లీగ్ టైటిల్ గెలిచిన క్లబ్ అది. జాతీయ జట్టులో ఎక్కువ మంది అక్కడి వాళ్లే ఉండేవారు. కోచ్ అలెగ్జాండర్స్ స్టార్కోవ్స్ ఒకవైపు క్లబ్‌ను, ఇంకోవైపు దేశం జట్టును తయారు చేశాడు. పహార్స్ ఆ వాతావరణంలోనే పదును తేలాడు. మనిషి పొట్టి. కానీ వేగం ఉంది, బంతితో ఒక్కసారిగా తిరిగే నేర్పు ఉంది. 1996లో లాత్వియా తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు.

8 లక్షల పౌండ్ల బేరం

1999 మార్చిలో సౌతాంప్టన్ క్లబ్ అతన్ని 8 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. ప్రీమియర్ లీగ్ లెక్కల్లో అది చిన్న మొత్తమే. అప్పుడు సౌతాంప్టన్ పరిస్థితి బాగా లేదు. 20 జట్ల లీగ్‌లో చివరి మూడు స్థానాల్లో ఉన్నవి కింది డివిజన్‌కు పడిపోతాయి. ఆ ప్రమాదం అంచునే ఉంది ఆ క్లబ్. కింది డివిజన్‌కు పడితే పరువు ఒక్కటే కాదు, టీవీ ఆదాయం కూడా పోతుంది. చిన్న క్లబ్బులు ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఏప్రిల్‌లో బ్లాక్‌బర్న్‌తో మ్యాచ్. సౌతాంప్టన్ 1-3తో వెనకబడింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన పహార్స్ తలతో గోల్ కొట్టి స్కోరును 3-3 చేశాడు. ఇంగ్లండ్‌లో అతని మొదటి గోల్ అదే.

సీజన్ ఆఖరి రోజు మే 16. సౌతాంప్టన్‌కూ, చివరి మూడు స్థానాల్లో ఉన్న చార్ల్టన్‌కూ మధ్య తేడా రెండే పాయింట్లు. ఎవర్టన్‌తో ఆ మ్యాచ్‌ను సౌతాంప్టన్ 2-0తో గెలిచింది. రెండు గోల్స్ పహార్స్‌వే. క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో నిలిచింది, చార్ల్టన్ కిందికి పోయింది. వచ్చి రెండు నెలలైనా సరిగ్గా కాకముందే పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు తిరిగి ఇచ్చేశాడు. అభిమానులు, పత్రికల వాళ్లు అతన్ని ‘లాత్వియా మైఖేల్ ఓవెన్’ అని పిలవడం మొదలుపెట్టారు.

ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో ఆ గోల్

1999 సెప్టెంబర్ 25. ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్. నాలుగు నెలల కింద లీగ్, ఎఫ్ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ ఒకే సీజన్‌లో గెలిచిన జట్టు. వాళ్ల డిఫెన్స్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు యాప్ స్టామ్ ఉన్నాడు. అతని కోసం యునైటెడ్ 1998లో కోటి పౌండ్లకు పైనే ఖర్చు పెట్టింది. పహార్స్ ధరతో పోలిస్తే పది రెట్ల కంటే ఎక్కువ.

పహార్స్ బంతిని అదే స్టామ్ కాళ్ల మధ్య నుంచి పంపించి, తాను పక్కనుంచి దూసుకెళ్లి, గోల్‌కీపర్ తైబిని దాటించి గోల్ చేశాడు. మ్యాచ్ 3-3 డ్రా అయింది. చాలామందికి ఆ రోజు గుర్తుండేది మాట్ లె టిసియే షాట్ తైబి కాళ్ల మధ్య నుంచి జారిపోవడం వల్ల. కానీ సౌతాంప్టన్ అభిమానుల లెక్క వేరు. వాళ్లకు మొదటి గోలే ముఖ్యం.

ఆ 1999-2000 సీజన్‌లో లీగ్‌లో పహార్స్ 13 గోల్స్ కొట్టాడు. తర్వాతి ఏడాది 9, ఆ తర్వాత 2001-02లో 14. క్లబ్ పాత మైదానం ది డెల్‌ను వదిలి సెయింట్ మేరీస్‌కు మారింది కూడా 2001లోనే. కొత్త స్టేడియంలో లీగ్ మ్యాచ్‌లో సౌతాంప్టన్ తరఫున మొదటి గోల్ కూడా పహార్స్ ఖాతాలోనే ఉంది. 1999, 2000, 2001, వరుసగా మూడేళ్లు లాత్వియా ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే దక్కింది.

ఒళ్లు సహకరించని రోజులు

2002 నుంచి గాయాలు వెంటాడాయి. ఒకటి మానేసరికి ఇంకొకటి, ఆపరేషన్లు, నెలల తరబడి విశ్రాంతి. అతని ఆటంతా వేగం మీద, ఒక్కసారిగా మలుపు తిరగడం మీద ఆధారపడింది. అలాంటి ఆటగాడికి కాలి గాయం తగిలితే సగం ఆట పోయినట్టే. 2002-03లో గోర్డన్ స్ట్రాకన్ మేనేజర్‌గా సౌతాంప్టన్ లీగ్‌లో 8వ స్థానంలో నిలిచి, ఎఫ్ఏ కప్ ఫైనల్ కూడా ఆడింది. ఆర్సెనల్ చేతిలో 0-1తో ఓడిన ఆ ఫైనల్‌లో పహార్స్ లేడు. 2005లో క్లబ్ చివరికి కింది డివిజన్‌కు పడిపోయింది. 2006లో అతను సౌతాంప్టన్‌ను వదిలి సైప్రస్‌లోని అనార్తోసిస్ క్లబ్‌కు వెళ్లాడు, ఆ తర్వాత స్వదేశం చేరుకున్నాడు.

దేశం తరఫున కూడా ఇదే కథ. లాత్వియా ఫుట్‌బాల్ చరిత్రలోనే పెద్ద ఘట్టం 2004 యూరో కప్. క్వాలిఫయింగ్‌లో స్వీడన్‌ను వాళ్ల గడ్డ మీదే 1-0తో ఓడించి, ప్లేఆఫ్‌లో 2002 వరల్డ్ కప్‌లో మూడో స్థానం పొందిన టర్కీని ఇంటికి పంపించింది. ఏ బాల్టిక్ దేశమైనా ఇంత పెద్ద టోర్నీకి వెళ్లింది అదొక్కసారే. ఆ విజయాల్లో హీరో వెర్పకోవ్‌స్కిస్. గాయాల నుంచి తేరుకుంటున్న పహార్స్‌కు పోర్చుగల్‌లో సబ్‌స్టిట్యూట్‌గా కొద్ది నిమిషాలే దక్కాయి. అక్కడ లాత్వియా చెక్ జట్టు చేతిలో 1-2తో ఓడింది, జర్మనీని 0-0తో నిలువరించింది, నెదర్లాండ్స్ చేతిలో 0-3తో ఓడింది.

బెంచ్ మీద కొత్త పని

ఆట ఆపేశాక పహార్స్ కోచింగ్‌లోకి వచ్చాడు. పాత క్లబ్ స్కోంటోకు హెడ్ కోచ్ అయ్యాడు. 2012లో స్కోంటో లాత్వియన్ కప్ గెలిచింది, లీగ్‌లో దౌగవ జట్టు వెనక రెండో స్థానంలో నిలిచింది. అయితే అది అతను ఆడిన నాటి స్కోంటో కాదు. ఒకప్పటి ఆధిపత్యం లేదు, క్లబ్‌ను డబ్బు కష్టాలు చుట్టుముట్టాయి. చివరికి 2016లో క్లబ్బే మూతపడింది.

2013 జులైలో స్టార్కోవ్స్ స్థానంలో పహార్స్‌కు జాతీయ జట్టు బాధ్యత అప్పగించారు. అప్పటికి అతని వయసు 36. తనను తీర్చిదిద్దిన గురువు కుర్చీలోనే కూర్చున్నాడన్నమాట.

2016 యూరో కప్ క్వాలిఫయింగ్‌లో లాత్వియాకు దొరికిన గ్రూప్ కఠినమైనది. చెక్ రిపబ్లిక్, ఐస్‌లాండ్, టర్కీ, నెదర్లాండ్స్, కజకిస్తాన్. పది మ్యాచ్‌లలో ఒక్క గెలుపు లేదు. 5 డ్రాలు, 5 ఓటములు, 5 పాయింట్లు, చివరి స్థానం. చేసిన గోల్స్ 6, ఇచ్చుకున్నవి 19. ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 0-6 ఓటమి కూడా ఇందులోనే ఉంది.

పట్టికలో ఇంతవరకే కనిపిస్తుంది. మ్యాచ్‌లు ఒక్కొక్కటిగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ప్రాగ్‌లో, గ్రూప్‌లో మొదటి స్థానం సాధించిన చెక్ జట్టు మీద లాత్వియా 90వ నిమిషం వరకు 1-0 ఆధిక్యంలో ఉంది. టర్కీలోని కోన్యాలో అదనపు సమయంలో వాలెరీస్ షబాలా గోల్‌తో 1-1 చేసుకుంది. రేక్యావిక్‌లో, అప్పటికే యూరోకు అర్హత సాధించిన ఐస్‌లాండ్‌తో 0-2 నుంచి లేచి 2-2కు వచ్చింది. అంటే జట్టుకు పోరాడటం తెలుసు. గోడ కట్టినట్టు నిలబడటం తెలుసు. లేనిది ఆ ఒక్క గోల్ తెచ్చే మనిషి. కజకిస్తాన్ మీద రెండు మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా రాలేదు. ఒకటి 0-0, సొంతగడ్డ మీద ఇంకోటి 0-1. పెద్ద జట్ల మీద తెచ్చుకున్న పాయింట్ల విలువ అక్కడ పోయింది.

2014, 2016 బాల్టిక్ కప్‌లు అతని హయాంలో లాత్వియావే. పక్క దేశాల మధ్య పోటీలో అది సంతోషమే గానీ, పెద్ద టోర్నీ ఆశను అది తీర్చదు. 2018 వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో అండోరా మీద 1-0తో మొదలైన ప్రయాణం, సొంతగడ్డ మీద ఫారో ఐలాండ్స్ చేతిలో 0-2 ఓటమితో దెబ్బతింది. హంగరీ, పోర్చుగల్, స్విట్జర్లాండ్ మీద కూడా ఓటములే. 2017 ఏప్రిల్‌లో పహార్స్ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. స్టార్కోవ్స్ మళ్లీ వచ్చాడు.

ఎలా చూడాలి?

కోచ్‌గా పహార్స్ విఫలమయ్యాడని ఒక్క ముక్కలో తేల్చేయడం సులువు. కానీ అతని చేతికి వచ్చింది ఏమిటో కూడా చూడాలి. లాత్వియా జనాభా 20 లక్షల లోపే. ఐస్ హాకీకే అక్కడ ఆదరణ ఎక్కువ. 2004 జట్టు వెనక ఒకే కోచ్ కింద, ఒకే క్లబ్‌లో ఏళ్ల తరబడి కలిసి ఆడిన ఆటగాళ్లు ఉన్నారు. పహార్స్ వచ్చేసరికి ఆ క్లబ్ చితికిపోతోంది. ఆటగాళ్లు ఎక్కడెక్కడో చెల్లాచెదురయ్యారు. స్టామ్ కాళ్ల మధ్య నుంచి బంతి పంపడం శిక్షణలో చెప్తే వచ్చే పని కాదు. అది ఉన్నవాడికి ఉంటుంది. కోచ్ నేర్పగలిగింది నిలబడటం, లైన్ తప్పకపోవడం, ఆఖరి నిమిషం దాకా వదలకపోవడం. అవి అతని జట్టులో కనిపించాయి.

సౌతాంప్టన్ 8 లక్షల పౌండ్లు పెట్టి గోల్ కొట్టేవాణ్ని తెచ్చుకుంది. జాతీయ జట్టు కోచ్‌కు ఆ వీలు లేదు. ఉన్నవాళ్లతోనే ఆడించాలి.

కెరీర్ ఒక చూపులో

పుట్టింది: 1976 ఆగస్టు 5, చోర్నోబాయ్, ఉక్రెయిన్
స్థానం: స్ట్రైకర్
ముఖ్యమైన క్లబ్బులు: స్కోంటో రీగా (1995-99), సౌతాంప్టన్ (1999-2006), అనార్తోసిస్
లాత్వియా తరఫున: 75 మ్యాచ్‌లు, 15 గోల్స్
పెద్ద టోర్నీ: 2004 యూరో కప్, పోర్చుగల్
అవార్డు: లాత్వియా ఉత్తమ ఆటగాడు (1999, 2000, 2001)
కోచ్‌గా: స్కోంటో రీగా, లాత్వియా జాతీయ జట్టు (2013-17)
కోచ్‌గా గెలిచినవి: లాత్వియన్ కప్ (2012), బాల్టిక్ కప్ (2014, 2016)