జోళ్ళు కుట్టేవాడి సాక్ష్యం

చరిత్ర పాఠం చెప్పిన యిన్నేళ్ళలో “బోస్టన్ టీ పార్టీ” అన్న మాట నేను యెన్నిసార్లు వుచ్చరించానో లెక్కలేదు. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడల మీదినుంచి 342 పెట్టెల తేయాకు సముద్రంలో పారబోశారని చెప్పేవాణ్ణి; పిల్లలు రాసుకునేవాళ్ళు. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, “పారబోసింది యెవరండీ?” అన్నాడు. “అమెరికన్లు” అన్నాను. “అది కాదండీ, వాళ్ళు యేం పని చేసుకు బతికేవాళ్ళు?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. హాన్‌కాక్, శామ్యూల్ ఆడమ్స్‌ల పేర్లు చెప్పి తప్పించుకున్నాను. ఆ రాత్రి వాళ్ళు ఒక్క పెట్టె అయినా ముట్టుకున్నారనడానికి ఆధారం లేదని తరువాత తెలిసింది.

ఆ కుర్రవాడికి నేను బాకీపడ్డ జవాబు ఒక మనిషి పేరు: జార్జ్ రాబర్ట్ ట్వెల్వ్స్ హ్యూస్. వృత్తి జోళ్ళు కుట్టడం.

హ్యూస్ 1742లో బోస్టన్‌లో పుట్టాడు. యేడేళ్ళకే తండ్రి పోయాడు. పద్నాలుగో యేట జోళ్ళు కుట్టేవాడి దగ్గర పనికి కుదిర్చారు. ఆ వూళ్ళో చేతివృత్తులన్నింటిలోకీ అది అడుగుది. డబ్బు కట్టి మంచి పనిలో చేర్పించే దిక్కు లేని పిల్లలు అందులోకి వచ్చేవారు. మనిషి అయిదడుగుల అంగుళం. బ్రిటిష్ సైన్యంలో చేరాలని జోళ్ళకు యెత్తు మడమలు వేసి, మేజోళ్ళలో గుడ్డపీలికలు కూరి వెళ్ళాడు. అయినా పొట్టివాడని పంపేశారు. 1768లో పెళ్ళి చేసుకున్నాడు. 1770లో ఒక కోటు తాలూకు బాకీ తీర్చలేక అప్పులవాళ్ళ జైలుకు పోయాడు. నైపుణ్యం వున్నవాడే, కష్టపడేవాడే; అయినా తన వొంటిమీది కోటు బాకీకి జైలు తప్పలేదు. విప్లవానికి ముందరి బోస్టన్‌లో పనివాడి జీవితం అది.

1770 మార్చి 5న బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపి అయిదుగురిని చంపారు. ఆ అయిదుగురూ యెవరు? ఆటక్స్, కాల్డ్‌వెల్ నావికులు. గ్రే మోకులు పేనేవాడు. కార్ తోలు పనివాడు. మావెరిక్ పదిహేడేళ్ళ పనిపిల్లవాడు. ఆటక్స్ నల్లజాతి, ఆదివాసి రక్తం కలిసినవాడు. కాల్డ్‌వెల్ నేలకొరిగినప్పుడు పట్టుకున్నది హ్యూస్. అంతకు ముందు తన దగ్గర జోళ్ళు తీసుకుని డబ్బు యెగ్గొట్టిన ఒక సైనికుడి మీద ఫిర్యాదు చేసింది కూడా హ్యూసే. ఆ సైనికుడికి కొరడా దెబ్బల శిక్ష పడితే, యింత శిక్ష వేస్తారని తెలిస్తే నోరెత్తేవాణ్ణి కానని బాధపడ్డాడు. ద్వేషం కొద్దీ తిరగబడ్డవాడు కాదతను.

ఇక తేయాకు సంగతి. ఆ తేయాకు చైనాది. కాని దాని యజమాని మనకు బాగా తెలిసినవాడే. ఈస్టిండియా కంపెనీ! ఉత్తర సర్కారులను 1765–66లో చేతికి తెచ్చుకుని, మాధవాయిపాలెంలోనూ ఇంజరంలోనూ మన నేతగాళ్ళకు బయానాలిచ్చి బట్ట నేయించుకున్న ఆ కంపెనీయే. 1770 బెంగాలు కరువులో జనం లక్షలుగా చచ్చినా శిస్తు వసూలు ఆపలేదు. అయినా అప్పుల్లో మునిగింది. లండన్ గిడ్డంగుల్లో దాదాపు కోటి డెబ్బై లక్షల పౌన్ల తేయాకు అమ్ముడుపోక పడివుంది. దాన్ని గట్టెక్కించడానికి పార్లమెంటు 1773లో చట్టం చేసి, ఆ సరుకును అమెరికా మీదికి తోలింది. అంచేత బందరు తీరానికీ బోస్టన్ తీరానికీ మధ్య వున్న బంధం నేను కల్పించింది కాదు. ఒకే కంపెనీ జమాఖర్చు పుస్తకాల్లో వున్నది.

ఆ రాత్రి హ్యూస్ ఒక కమ్మరి కొట్లో బొగ్గుపొడి మొహానికి పూసుకుని వెళ్ళాడు. ఈల బాగా వేస్తాడని అతన్ని తన జట్టుకు ఒక చిన్న నాయకుణ్ణి చేశారు. ఓడ కప్తాను దగ్గరికి పోయి తాళాలూ కొవ్వొత్తులూ అడిగి తెచ్చింది అతనే. మూడు గంటల్లో పని ముగిసింది. తేయాకును కోటు లోపల దాచుకు పోతున్న ఒకణ్ణి హ్యూస్ కోటు పట్టుకు నిలవేశాడు. వాళ్ళు వచ్చింది దోపిడికి కాదు. మరుసటి నెలలో ఒక సుంకాల వుద్యోగి వీధిలో ఒక పిల్లవాడి మీదికి కర్ర యెత్తితే హ్యూస్ అడ్డుపడ్డాడు. ఆ దెబ్బ తన తలమీద పడింది. జనం ఆ వుద్యోగికి తారుపూసి యీకలు అంటించి వూరేగించినప్పుడు, అతనికి దుప్పటి కప్పబోయింది కూడా హ్యూసే.

ఆ తరువాత యుద్ధం. హ్యూస్ పలుమార్లు స్థానిక దళాల్లోనూ, శత్రు ఓడలను పట్టే ఓడల మీదా పనిచేశాడు. పట్టుబడ్డ సరుకులో తన వాటా తనకు ముట్టలేదని ముసలితనం దాకా చెప్పుకున్నాడు. ఒక ముచ్చట మాత్రం మరిచిపోరానిది. హాన్‌కాక్ పేరు పెట్టిన ఓడలో చేరబోతూ వుండగా, దాని అధికారి వీధిలో యెదురై టోపీ తియ్యమన్నాడు. యే మనిషి కోసమూ తియ్యనని చెప్పి, హ్యూస్ వేరే ఓడ యెక్కాడు.

ఈ టోపీ విలువ తెలియాలంటే వెనక్కి పోవాలి. యవ్వనంలో అతను హాన్‌కాక్ జోడు బాగుచేసి యిచ్చాడు. కొత్త సంవత్సరం నాడు ఇంటికి రమ్మన్నాడు ఆ కోటీశ్వరుడు. హ్యూస్ మొహం కడుక్కుని, వున్నవాటిలో మంచి చొక్కా తొడుక్కుని వెళ్ళి, ఆ భవంతిలో వణుకుతూ నిలబడ్డాడు. దొర యిచ్చిన నాణెం పుచ్చుకుని బయటపడ్డాడు. ఆ వణికినవాడికీ, టోపీ తియ్యనన్నవాడికీ మధ్య చాలా యేళ్ళు. విప్లవం అంటే యేమిటని విద్యార్థులు అడిగితే యిప్పుడు నేను యీ రెండు దృశ్యాలే చెబుతాను.

యుద్ధం గెలిచింది, హ్యూస్ పేదవాడుగానే వున్నాడు. పల్లెలు మారి, చివరికి న్యూయార్కు రాష్ట్రంలోని రిచ్‌ఫీల్డ్ స్ప్రింగ్స్ చేరాడు. మోహాకుల వేషం వేసి కంపెనీ సరుకు ముంచినవాళ్ళ కొత్త ప్రభుత్వమే 1779లో సైన్యాన్ని పంపి ఇరొక్వా జాతుల వూళ్ళు తగలబెట్టించిందనీ, అతని ముసలితనం గడిచిన ప్రాంతం ఒకప్పుడు వాళ్ళదేననీ మనం దాచకూడదు. పనివాడి స్వేచ్ఛ ఆదివాసి నేల మీదా, బానిసల వెన్నుల మీదా నిలబడ్డ వైరుధ్యం ఆ గణరాజ్యానిది.

1832లో పింఛను చట్టం వచ్చాకే ప్రభుత్వం హ్యూస్ సేవను గుర్తించింది. 1834లో ఒకరు, 1835లో మరొకరు అతని కథను పుస్తకాలుగా వేశారు. “టీ పార్టీ” అన్న పేరు అచ్చులో నిలదొక్కుకున్నది అప్పుడే. అంతకు మునుపు దాన్ని “తేయాకు విధ్వంసం” అనేవారు. విధ్వంసం విందుగా మారింది! 1835 జూలై 4న బోస్టన్ పెద్దలు ఆ ముసలివాణ్ణి గౌరవ అతిథిగా కూచోబెట్టారు. ‘శతాయుష్కుడు’ అని బొమ్మ గీయించారు. నిజానికి అప్పటికి ఆయనకు తొంభైమూడు నిండలేదు. ఆ యేడే అదే వూళ్ళో వడ్రంగులూ, తాపీపనివాళ్ళూ, రాతిపనివాళ్ళూ పది గంటల పనిదినం కోసం సమ్మె కట్టి, తమ తండ్రులు విప్లవంలో చిందిన రక్తాన్ని గుర్తుచేస్తూ కరపత్రం వేశారు. వాళ్ళకు పెద్దలు విందు చెయ్యలేదు. తొంభై దాటిన పనివాడు ప్రమాదకరం కాడు. ముప్ఫై యేళ్ళ పనివాడు ప్రమాదకరం. పాలకవర్గం దండ వేసేది మొదటివాడికి.

ఈ జీవితాన్ని మళ్ళీ వెలికితీసింది ఆల్‌ఫ్రెడ్ యంగ్ అనే చరిత్రకారుడు, 1981లో. హాన్‌కాక్ తన పక్కన నిలబడి పెట్టె పగలగొట్టాడని హ్యూస్ ముసలితనంలో చెప్పాడు. అది జరగలేదనే అనుకోవాలి. పొరపాటు జ్ఞాపకమని కొట్టేస్తే పండితుడి పని సులువవుతుంది. కాని ఒకప్పుడు ఆ దొర ముందు వణికినవాడు, అరవై యేళ్ళ తరువాత అతన్ని తన పక్కన, తనతో సమంగా చెయ్యి కలిపినట్టు తలుచుకున్నాడంటే, అది ఆ రాత్రి తన మనసులో యేం మారిందో చెప్పే సాక్ష్యం. జ్ఞాపకాన్ని ఆధారాలతో పరీక్షించాలి. పరీక్షలో తప్పిందని పారెయ్యకూడదు. అది యెందుకు తప్పిందో అడగాలి.

హ్యూస్ 1840 జూలై 4 వుత్సవానికి బండి యెక్కబోతూ దెబ్బ తిని, నవంబరు 5న, తొంభైయెనిమిదో యేట కన్నుమూశాడు.

మన సంగతి? అక్కడ పేదరికం మనిషిని ఆ పనికి తోసింది. యిక్కడ కులం పుట్టుకతోనే కట్టిపడేసింది. తెలంగాణలో జోళ్ళు కుట్టినవాడే దొర గడీ ముందు జోళ్ళు చేతపట్టుకు నడిచాడు. సంఘం వచ్చిన 1946–51 సంవత్సరాల్లో అవే జోళ్ళు తొడుక్కుని ఆ గడీ ముందే నడిచినవాళ్ళున్నారు. నాయకుల పేర్లు మనం రాసుకున్నాం. ఆ మొదటిసారి కాలు కదిపినవాళ్ళ పేర్లు యెన్ని రాశాం? ఆ తరం దాదాపు వెళ్ళిపోయింది. వాళ్ళు పిల్లలకు చెప్పిన మాటలు యింకా ఇళ్ళల్లో వున్నాయి. విద్యార్థులు కాగితం కలం పట్టుకు వెళ్ళవలసింది అక్కడికి. తేదీలు తప్పొచ్చు, పేర్లు కలిసిపోవచ్చు. రాసుకురండి. “వాళ్ళేం పని చేసేవాళ్ళు?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆ వెనక బెంచీ కుర్రవాడు నాకు నేర్పింది అదే.