ఇన్‌లైన్ స్కేట్ చక్రాలు: లోపాలు, సవరణలు

ఒకే వరుసలో బిగించిన పాలీయూరిథేన్ చక్రాలకు తరచూ వచ్చే తిప్పలు ఒకవైపు అరుగుదలతో మొదలవుతాయి. స్కేటర్ పాదం లోపలి అంచుతో నేలను నెడతాడు కాబట్టి చక్రం ఆ వైపే వాలుగా అరుగుతుంది. నాలుగు చక్రాల స్కేటులో ఒకటో చక్రాన్ని మూడోదానితో, రెండోదాన్ని నాలుగోదానితో మార్చి, అరిగిన వైపు బయటికి వచ్చేలా బిగించాలి.

చక్రం తిరగకపోతే చాలామంది నూనె డబ్బా అందుకుంటారు. అది తొందరపాటు. ముందు బోల్టు చూడాలి. చక్రంలోని రెండు బేరింగుల మధ్య స్పేసర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. అది లేకుండా బోల్టు గట్టిగా బిగిస్తే లోపలి వలయాలు ఒత్తుకుపోయి చక్రం పట్టేస్తుంది.

గరగర శబ్దం వస్తే సాధారణంగా దుమ్మే కారణం. స్కేట్లలో ఎక్కువగా వాడే 608 బేరింగు లోపలి వ్యాసం 8, బయటి వ్యాసం 22, వెడల్పు 7 మిల్లీమీటర్లు. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరాక ఒకటి రెండు చుక్కల పలుచని నూనె వేస్తే చాలు. వానలో తడిసినవాటిని అలాగే వదిలేస్తే తుప్పు ఖాయం.

యూరిథేన్ పెచ్చులుగా ఊడినా, మధ్యనున్న హబ్ పగిలినా మరమ్మతు లేదు. కొత్త చక్రం వేయాల్సిందే.