రోబో అమ్మిన కంపెనీ చేతులు మారితే కొన్నోనికి దిక్కెవరు?

మనోళ్లు చానామంది గోదాముల్లో పని చేస్తున్నరు కాబట్టి గోదాము రోబోల చరిత్ర కొంచెం రాస్తున్న. పొడుగుంది, ఓపికతో చదవండి.

అమెరికాలో వెబ్‌వ్యాన్ అని ఇంటికి కిరాణా పంపే కంపెనీ ఉండె. 2001లో దివాలా తీసింది. అందులో పనిచేసిన మిక్ మౌంట్జ్ 2003లో కివా సిస్టమ్స్ పెట్టిండు. ఆయన ఆలోచన ఒక్కటే: మనిషి సామాను కోసం తిరుగుడు కాదు, సామానే మనిషి దగ్గరికి రావాలె. నారింజ రంగు రోబో ర్యాక్ కిందికి దూరి, దాన్ని లేపి, నేల మీది స్టిక్కర్లు చదువుకుంటూ తెస్తది. స్టేపుల్స్, వాల్‌గ్రీన్స్, గ్యాప్ లాంటి పెద్ద కంపెనీలు ఇవి పెట్టుకున్నయి.

అయితే రోబో కొనుడు ఫ్యాన్ కొన్నట్టు కాదు. సాఫ్ట్‌వేర్, స్పేర్ పార్టులు, మెకానిక్ అన్నీ అమ్మినోళ్లే చూడాలె. అందుకే ఒక్కో కస్టమర్‌కి ఒక అకౌంట్ మేనేజర్ ఉంటడు. ఏది ఆగింది, ఎన్ని గంటల్లో బాగు చెయ్యాలె, ఒప్పందం ఎప్పుడు ముగుస్తది, అన్నిటికీ ఆయనే జవాబు చెప్పాలె.

2012 మార్చిలో అమెజాన్ కివాను 77.5 కోట్ల డాలర్లకు కొన్నది. తర్వాత బయటోళ్లకు అమ్ముడు బంద్. పాత కస్టమర్ల ఒప్పందాలు ముగిసినంక పొడిగించలేదు. 2015లో పేరు కూడా అమెజాన్ రోబోటిక్స్ అయింది. రోబోలు మంచియే, కానీ రేపు వాటిని చూసే దిక్కు లేదు.

కివా రోబోలతో నడిచే క్వయెట్ లాజిస్టిక్స్ అనే కంపెనీకి కూడా ఇదే కష్టమొచ్చింది. వాళ్లు సొంతంగా రోబోలు తయారు చేసుకున్నరు. అదే లోకస్ రోబోటిక్స్. కివాలో చేసినోళ్లు 2015లో సిక్స్ రివర్ సిస్టమ్స్ పెట్టిన్రు. దాన్ని 2019లో షాపిఫై కొన్నది, 2023లో ఒకాడోకి అమ్మింది. కస్టమర్లకు మళ్లా కొత్త ఓనరే.

మా సైట్లో ఒకసారి హాయిస్ట్ ఆగింది. ఫోన్ చేస్తే సప్లయర్ మారిండన్నరు, పాత మెకానిక్ లేడన్నరు. నాలుగు రోజులు మనోళ్లు టైల్స్ భుజాన మోసి మెట్లెక్కిన్రు. ఒప్పందం కాగితం ఆఫీసుల ఉంటది, బరువు మాత్రం మన భుజం మీదే పడ్తది.

అందుకే మిషన్ ఆగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆ ఒప్పందం ఎప్పటిదాకా ఉందో ముందే అడగండి. వీలైతే ఆ రిపేరు పని పక్కన నిలబడి నేర్చుకోండి. మీ గోదాముల్లో ఎట్లుందో కింద రాయండి.