నీలిమందు తొట్ల నుంచి ప్రకృతి సేద్యం దాకా: కడప పడమటి తాలూకాల్లో లుడ్విగ్స్‌హాఫెన్ జాడ

కడప జిల్లా పరిశ్రమల మీద వచ్చే వ్యాసాలు ముద్దనూరు థర్మల్‌తోనో ఎర్రగుంట్ల సిమెంటుతోనో మొదలవుతాయి. అంతకు ముందంతా కరువు, కక్షలు! ఈ వరస నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. సహ పరిశోధకులు ఒకరు ఇంకో అడుగు ముందుకేశారు. పరిశ్రమే ఎరగని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలకు హరిత పరివర్తన అనే చర్చ వర్తించదని, అది ఎస్సెన్, లుడ్విగ్స్‌హాఫెన్ వంటి జర్మన్ పట్టణాల సొత్తని సదస్సుల్లో వాదిస్తూ వస్తున్నారు. ఆయన తెచ్చిన ఉదాహరణే ఆయన వాదాన్ని పడగొడుతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ జిల్లా నీలిమందు లండన్ బజారులో ‘కర్పా’ పేరుతో అమ్ముడయ్యేది. ప్రొద్దుటూరు దాని బేరాలకు పెద్ద ఊరు. ఆ తయారీని ‘చేతిపని’ అని పక్కన పెట్టేవారు తొట్టి కట్టడాన్ని ఒకసారి చూడాలి. బావి పక్కన, ఒకటి ఎగువ, ఒకటి దిగువగా రెండు గచ్చు తొట్లు. కోసిన అవిరి (నీలిమందు మొక్క) కట్టలు పై తొట్టిలో పేర్చి, లేవకుండా దుంగలు అదిమి, నీళ్ళు నింపి రాత్రంతా నానబెడతారు. ఊరిన నీటిని కింది తొట్టిలోకి వదులుతారు. కూలీలు అందులో దిగి తెడ్లతో బాదుతుంటే, గాలి తగిలేకొద్దీ పచ్చటి నీరు నీలానికి తిరుగుతుంది. అడుగున దిగిన మడ్డిని కాచి, గుడ్డలో వడగట్టి, ఒత్తి, బిళ్ళలు కోసి, నీడన ఆరబెడతారు. ముడిసరుకు, నీటి ఏర్పాటు, కూలి, పెట్టుబడి, దూరదేశపు గిరాకీ అన్నీ ఉన్నాయి. పరిశ్రమ అనిపించుకోవడానికి పొగగొట్టం కూడా ఉండాలా?

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది తొట్టిలో మిగిలే పిప్పి. అది ఎరువుగా మళ్ళీ పొలానికే చేరేది. అవిరి కాయధాన్యాల కుటుంబపు మొక్క, వేళ్ళ బుడిపెల్లో నత్రజనిని పట్టి నేలకిస్తుంది. రంగు లండన్‌కు, సారం చేనుకు.

లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో కృత్రిమ నీలిని బజారులోకి దించింది. కర్పా నీలి కుప్పకూలింది. 1914 యుద్ధంలో జర్మన్ సరుకు ఆగినప్పుడు నీలిసాగు కొన్నాళ్ళు తలెత్తిందన్నదీ, వేరుశనగ, పత్తి ధరలు కూడా రైతును లాగాయన్నదీ నిజమే. అయితే అదే కంపెనీ 1913లో అదే పట్టణం అంచున, ఓపౌలో, గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారీ మొదలుపెట్టింది. మొదట రంగు పోయింది, తర్వాత ఆ మొక్క ఊరకే ఇచ్చిన నత్రజని యూరియా బస్తాగా మారి అప్పు మీద వచ్చింది. రాయలసీమ రైతు ఎరువుల అప్పుల చరిత్ర రైన్ ఒడ్డునున్న లుడ్విగ్స్‌హాఫెన్‌లో మొదలైందంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు పులివెందులలో జర్మన్ ప్రభుత్వ సహకారంతో 2022లో ప్రారంభమైన ఇండో-జర్మన్ వ్యవసాయ పర్యావరణ పరిశోధన అకాడమీ ఉంది. రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి జర్మన్ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం ఉంది. ఈ కార్యక్రమం చెప్పే పాఠమేమిటి? జీవామృతం పొయ్యండి, వానకు ముందే అలసంద, ఉలవ, జనుము వంటివి కలిపి నవధాన్యాలుగా చల్లండి, నేల తన నత్రజనిని తానే తెచ్చుకుంటుంది. అవిరి వేసిన తాతలకు తెలియంది ఇందులో ఏముంది? ఈ జర్మన్ తోడ్పాటును సహాయం అనడంకన్నా బాకీ తీర్చడం అనడమే న్యాయం.

మైలవరం మండలంలో తలపెట్టిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు, వేముల మండలం తుమ్మలపల్లెలోని యురేనియం గని కూడా ఈ హరిత పరివర్తన లెక్కలోకే వస్తాయి. 2023 ఏప్రిల్‌లో చివరి అణు రియాక్టర్లు మూసేసిన జర్మనీ పులివెందులలో సేద్యం నేర్పుతుంటే, అదే నియోజకవర్గంలో యురేనియం వ్యర్థాల చెరువు దగ్గరి రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు.

లుడ్విగ్స్‌హాఫెన్‌లో 2025 మార్చిలో 54 మెగావాట్ల హైడ్రోజన్ ఎలక్ట్రోలైజర్ మొదలైంది. ఆ పట్టణపు హరిత చరిత్ర రాసేవారు ముందుగా ప్రొద్దుటూరు తాలూకా పాత అడంగళ్ళు తిరగెయ్యాలి. 1897 తర్వాత ఏ సర్వే నంబరులో అవిరి పోయింది, దాని స్థానంలో ఏ పైరు వచ్చింది, ఆ బావి ఎవరి చేతికి మారింది అన్నవి అక్కడ తేలవలసిన లెక్కలు.